ఏ మైనముతో వెలిగిద్దాము?



క్రిస్మస్ దగ్గర పడుతుండగా మన సంఘాలలో ఒక పని మొదలౌతుంది. స్త్రీల సమాజము వారు, యవ్వనస్థులు కలిసి క్యాండిల్ సర్వీసుకు కొవ్వొత్తులు సిద్ధం చేస్తారు. కొందరు బజారులో పెట్టెలకు పెట్టెలు కొని తెస్తారు. కొందరు ఇంటి దగ్గరే అచ్చులలో పోసుకుంటారు. అలా పోసినవి అమ్మి, వచ్చిన డబ్బుతో ఒక విధవరాలికి చీరో, ఒక పిల్లవాడికి పరీక్ష ఫీజో ఇచ్చేవారు కూడా ఉన్నారు. మంచి పని. అయితే మొదటి రోజే ఒక ప్రశ్న వస్తుంది. ఏ మైనము కొనాలి?

ఒకరు అంటారు, "దేవుని మందిరములో తేనెమైనమే పవిత్రము." ఇంకొకరు అంటారు, "పారఫిన్ మంచిది కాదు, సోయా మైనము తెప్పించండి." మూడవ వారు అంటారు, "ఎందుకండీ ఈ గొడవ, ఏది చవకైతే అది తెండి." ఈ మాటలు విని, చేసేవారు తికమక పడతారు. ప్రియులారా, ఈ వాదన ఈనాటిది కాదు. పవిత్రత గురించి, ఖర్చు గురించి, పొగ గురించి వందల ఏళ్లుగా మనుష్యులు వాదించుకుంటూనే ఉన్నారు. ఆ చరిత్ర కొంచెం తెలుసుకుంటే మన ప్రశ్నకు జవాబు తేలికౌతుంది. ఈ పాఠములో ఆ చరిత్రను ధ్యానిద్దాము.

మన మాటలోనే ఉన్న చరిత్ర

మొట్టమొదట మనం పలికే మాటనే గమనించండి. హిందీలో "మోమ్‌బత్తీ" అంటారు, అంటే మైనపు వత్తి. తమిళులు "మెళుగువర్తి" అంటారు, అదీ మైనపు వత్తే. కన్నడిగులు "మేణద బత్తి", మలయాళీలు "మెళుగుతిరి" అంటారు. అన్నిటిలోనూ మైనమే ఉంది. మనం తెలుగువారం మాత్రం ఏమంటున్నాము? "కొవ్వొత్తి." కొవ్వు, వత్తి. ఇరుగుపొరుగు భాషలన్నీ మైనాన్ని చెబుతుంటే మన భాష కొవ్వును దాచిపెట్టుకుంది. రోజూ పలుకుతూ కూడా మనం గమనించని సంగతి ఇది.

కొవ్వు వేరు, మైనము వేరు. ఆ తేడా ఒకప్పుడు ధనవంతుని ఇంటికీ పేదవాని ఇంటికీ మధ్య ఉన్న తేడా. ఆ సంగతి ముందుకు వెళ్లేకొద్దీ మీకే అర్థమౌతుంది.

బైబిలులో కొవ్వొత్తి ఉందా?

చాలామంది అడిగే ప్రశ్న ఇది. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిలులో మత్తయి 5:15 దగ్గర "క్యాండిల్" అనే మాట కనబడుతుంది. కానీ అది ఆ కాలపు ఇంగ్లండువారి ఇళ్లలో ఉన్న వస్తువు. ప్రభువు చెప్పిన ఉపమానంలో ఉన్నది మట్టి ప్రమిదలో ఒలీవనూనె పోసి వెలిగించే దీపము. మన తెలుగు బైబిలులో దీపము, దీపస్తంభము అనే మాటలే ఉన్నాయి. ఈ విషయంలో మన అనువాదమే మూలానికి దగ్గరగా ఉంది. ప్రత్యక్ష గుడారపు దీపవృక్షానికి దంచి తీసిన స్వచ్ఛమైన ఒలీవనూనె తేవాలని నిర్గమకాండము 27:20, లేవీయకాండము 24:2 చెబుతున్నాయి. అక్కడ మైనము ప్రస్తావన లేదు.

మరి మైనము బైబిలులో లేదా? ఉంది. అయితే వెలుగిచ్చే వస్తువుగా కాదు, కరిగిపోయే వస్తువుగా. కీర్తన 22:14లో హృదయము మైనములా కరిగిందని దావీదు చెప్పుకున్నాడు. కీర్తన 68:2లో అగ్ని ముందు మైనము కరిగినట్లు దుష్టులు నశించాలని ప్రార్థన ఉంది. కాబట్టి ఫలానా మైనమే దేవునికి ఇష్టమని లేఖనము చెప్పినట్లు ఎవరైనా బోధిస్తే, వచనం చూపించమని మర్యాదగా అడగండి.

తేనెటీగ ఇచ్చిన మైనము

మొదటి శతాబ్దాల సంఘములో అసలు దీపాలు వెలిగించడం గురించే వాదన జరిగింది. 4వ శతాబ్దపు తొలి రోజుల్లో లాక్టాన్షియస్ అనే క్రైస్తవ రచయిత, వెలుగును సృష్టించిన దేవునికి దీపాలు అర్పించడం ఏమి తెలివి అని ఎద్దేవా చేశాడు. ఇంచుమించు వంద సంవత్సరాల తరువాత, 406లో, జెరోము భక్తుడు దీనికి జవాబిచ్చాడు. తూర్పు సంఘాలలో సువార్త చదివేటప్పుడు పగలు కూడా దీపాలు వెలిగిస్తారని, అది చీకటి పోగొట్టడానికి కాదు, సంతోషానికి గుర్తని ఆయన వివరించాడు.

కాలక్రమేణా పడమటి సంఘాలలో తేనెమైనము స్థిరపడింది. దీనికి రెండు కారణాలు. ఒకటి, అది శుభ్రంగా మండుతుంది, మంచి వాసన ఇస్తుంది. రెండవది, తేనెటీగలు జతకూడకుండానే పిల్లలను కంటాయని ఆనాటివారి నమ్మకం. అందువలన తేనెమైనము కన్యక కుమారుని శరీరానికి గుర్తుగా ఎంచబడింది. ఈస్టరు ముందురాత్రి పాడే ప్రాచీన కీర్తనలో తేనెటీగల కష్టము కూడా ప్రస్తావించబడింది.

ఆ నమ్మకం నిజమేనా? స్విట్జర్లండులో ఫ్రాన్స్వా హ్యూబర్ అనే పరిశోధకుడు ఉండేవాడు. ఆయనకు చూపు లేదు. ఆయన అడిగిన ప్రకారం ఒక సేవకుడు గూళ్లను పరిశీలించి, చూసినది చూసినట్లు చెప్పేవాడు. 1792లో ప్రచురించిన గ్రంథములో రాణి ఈగ గూటి వెలుపల పోతుటీగతో జతకూడుతుందని ఆయన నిరూపించాడు. మైనము పూలనుండి ఏరుకొచ్చేది కాదని, ఈగ తన పొట్ట అడుగున ఉన్న గ్రంథులనుండి స్రవించేదని కూడా ఆ కాలపు పరిశోధనలలోనే తేలింది. తేనెటీగల పెంపకందారులు చెప్పే లెక్క ప్రకారం ఒక కిలో మైనము తయారు కావడానికి ఈగలు ఆరు నుండి ఎనిమిది కిలోల తేనె ఖర్చు చేస్తాయి. తేనెమైనము ఖరీదుకు కారణం అదే.

ఈ ఖరీదు ఎవరు మోశారు? మధ్యయుగాలలో రష్యా అడవులనుండి నోవ్‌గొరొద్ వర్తకుల ద్వారా మైనము పడమటి దేశాలకు వచ్చేది. జర్మనీ ప్రాంతాలలో మఠాలకు ఏటేటా మైనము పన్నుగా చెల్లించవలసిన కుటుంబాలు ఉండేవి. ఆ బాధ్యత తండ్రి నుండి పిల్లలకు సంక్రమించేది. మార్టిన్ లూథర్ 95 వాదాంశాల కథలో మనం వినే విటెన్‌బర్గ్ కోట దేవాలయములో, ఆ కాలములో సంవత్సరానికి సుమారు 35,000 పౌండ్ల మైనము కాలేదని చరిత్రకారులు రాశారు. ఆలోచించండి. దేవాలయములో అంత వెలుగు ఉన్న రోజుల్లో ఆ ఊరి పేదవాని ఇంట్లో వెలుగు ఎలా ఉండేది?

పేదవాని కొవ్వు

పేదవాని ఇంట్లో వెలిగేది గొఱ్ఱె కొవ్వు, పశువు కొవ్వు. ఇదే మన "కొవ్వొత్తి"లోని కొవ్వు. గొఱ్ఱె కొవ్వు కొంత నయం. పంది కొవ్వయితే మరీ పొగ, మరీ వాసన. ఎండకు మెత్తబడేది, ఎలుకలు తినేసేవి. కొద్ది నిమిషాలకు ఒకసారి కాలిన వత్తిని కత్తిరించకపోతే కొవ్వు ప్రక్కలకు కారిపోయేది. లండనులో ఈ రెండు పనులవారికి రెండు వేర్వేరు సంఘాలు ఉండేవి. కొవ్వు పనివారికి 1462లోను, మైనపు పనివారికి 1484లోను రాజపత్రాలు లభించాయి. ఇద్దరూ ఒకటి కాదు. ఒకరి సరుకు దేవాలయానికీ రాజగృహానికీ, ఇంకొకరి సరుకు సామాన్యునికి. మైనములో కొవ్వు కలిపి మైనమని అమ్మితే అది మోసముగా ఎంచబడి శిక్షకు గురయ్యేది.

సంస్కరణ కాలములో మార్పు వచ్చింది. ఇంగ్లండులో 1538లో రాజాజ్ఞ ద్వారా విగ్రహాల ముందు వెలిగించే మైనపు వత్తులు ఆపివేయబడ్డాయి. అయినా పేదవాని చీకటి తీరలేదు. 1709లో అక్కడి పార్లమెంటు కొవ్వొత్తులపై పన్ను వేసింది. లైసెన్సు లేకుండా, పన్ను కట్టకుండా ఇంట్లో కొవ్వొత్తి చేసుకోవడమే నేరమైంది! ఆ పన్ను 1831 వరకు ఉంది. ఈనాడు మనం వంటింట్లో నిర్భయంగా చేసుకునే పనికి ఆనాడు జరిమానా కట్టవలసి వచ్చేది.

అప్పుడు పల్లెటూరి పేదలు ఏమి చేశారు? చెరువు గట్టున పెరిగే తుంగవంటి రెల్లు కాడను ఒలిచి, లోపలి బెండును వంటలో మిగిలిన కొవ్వులో ముంచి వెలిగించారు. సెల్‌బోర్న్ అనే పల్లెలో గిల్బర్ట్ వైట్ అనే పాదిరి 1775లో రాసిన ఒక ఉత్తరములో దీని లెక్కంతా చెప్పాడు. ఫార్దింగ్ అనే అతి చిన్న నాణెం ఖర్చుతో ఒక పేద కుటుంబము అయిదున్నర గంటల వెలుగు పొందవచ్చునని ఆయన లెక్కగట్టాడు. కానీ మరీ బీదవారు దానికి రెండింతలు పెట్టి, రెండు గంటలు మాత్రమే వెలిగే చిన్న కొవ్వొత్తిని ప్రతి సాయంత్రం కొంటున్నారని బాధపడ్డాడు. ఆ కొవ్వులో కొంచెం తేనెమైనము కలిపితే గట్టిపడి, శుభ్రంగా, ఎక్కువసేపు మండుతుందని, గొఱ్ఱె కొవ్వు కలిపినా అదే ఫలితమని కూడా సలహా ఇచ్చాడు.

ప్రియులారా, ఈ పాదిరిని చూడండి. పేదవాని దీపము ఎన్ని నిమిషాలు మండుతుందో గడియారం పెట్టుకుని కొలిచాడు. వెలుగును గూర్చి ప్రసంగించడం ఒక సేవ. పేదవానికి వెలుగు ఎంత ఖర్చులో వస్తుందో లెక్క చూడడం కూడా సేవే.

తిమింగలము తల

18వ శతాబ్దములో ఇంకొక పదార్థము వచ్చింది. స్పెర్మ్ తిమింగలము తలలో ఉండే మైనము వంటి తెల్లని పదార్థమది. వాసన లేదు, పొగ తక్కువ, వెలుగు తెల్లగా ఉండేది. అమెరికా ఈశాన్య తీరమునుండి ఓడలు సంవత్సరాల తరబడి సముద్రాలు గాలించాయి. ఆ వత్తి ఎంత నిలకడగా వెలిగేదంటే, ఇంగ్లండులో వెలుగును కొలవడానికి దానినే ప్రమాణంగా పెట్టుకున్నారు. పౌండులో ఆరవ వంతు బరువుండి, గంటకు 120 గ్రెయిన్లు, అంటే దాదాపు 8 గ్రాములు, మండే వత్తి ఇచ్చే వెలుగే ఒక "క్యాండిల్ పవర్". కానీ ఆ వెలుగు వెనుక తిమింగలాలు వేల సంఖ్యలో చనిపోయాయి. నావికులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నారు. వ్యాపారము కొరకు తిమింగలాలను వేటాడడం అంతర్జాతీయ ఒప్పందముతో ఆగినది 1986లోనే.

కొవ్వును విడదీసిన మనిషి

ఇంతకాలం కొవ్వంటే ఒకే పదార్థమని అందరూ అనుకున్నారు. ఫ్రాన్సులో మిషెల్ షెవ్రల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఏళ్ల తరబడి పరిశోధించి, 1823లో ఒక గ్రంథము ప్రచురించాడు. కొవ్వులో గ్లిసరిన్ ఒకటి, ఆమ్లాలు మరొకటి ఉన్నాయని చూపించాడు. పొగకూ చెడు వాసనకూ ముఖ్య కారణం గ్లిసరిన్. దానిని, మెత్తని ఆమ్లాలను తీసివేస్తే గట్టిగా, తెల్లగా మిగిలేది స్టియరిక్ ఆమ్లము. సామాన్యంగా కొవ్వు 40, 45 డిగ్రీల వేడికే కరిగిపోతుంది. స్వచ్ఛమైన స్టియరిక్ ఆమ్లము కరగడానికి 69 డిగ్రీల వేడి కావాలి. 1825లో ఫ్రాన్సులోనే అల్లిన వత్తి వచ్చింది. అది మండుతూ ప్రక్కకు వంగి, తనంతట తానే కాలిపోతుంది. మాటిమాటికీ వత్తి కత్తిరించే బాధ తప్పింది.

లండనులో 1830లో ప్రారంభమైన ప్రైస్ కంపెనీ, సింహళము నుండి వచ్చే కొబ్బరినూనెతో ఈ పని చేసింది. 1840లో విక్టోరియా రాణి వివాహ సమయానికి, కొబ్బరినూనె గట్టిభాగమును స్టియరిక్ ఆమ్లముతో కలిపి చవకైన కొవ్వొత్తులు తయారుచేశారు. తరువాత పడమటి ఆఫ్రికా పామాయిలు వచ్చింది. బానిసలను అమ్ముకునే బదులు నూనె అమ్ముకోవచ్చునని, పామాయిలు కొవ్వొత్తి కొనేవారు బానిస వ్యాపారాన్ని ఆపుతున్నారని ఇంగ్లండులో ప్రచారం జరిగింది. చాలామంది విశ్వాసులు సంతోషంగా కొన్నారు. అయితే సంగతి అక్కడితో ముగియలేదు. ఆ పామాయిలుకు గిరాకీ పెరిగేకొద్దీ ఆఫ్రికాలోని కొన్ని రాజ్యాలలో పండ్లు కోయడానికి, నూనె తీయడానికి, మోయడానికి బానిసలనే వాడారు. మంచి పేరు పెట్టినంత మాత్రాన సరుకు మంచిదైపోదు. ఈ పాఠము ఈ రోజు "సహజము", "పవిత్రము" అని అట్టపెట్టెమీద రాసి అమ్మేవాటికి కూడా వర్తిస్తుంది.

మన దేశములో కొవ్వు గొడవ

కొవ్వా, మైనమా అన్న ప్రశ్న మన దేశములో ఒకసారి రాజ్యాన్నే కదిలించింది. 1857లో కొత్త తుపాకుల తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారని సిపాయిలలో వార్త పాకింది. ఆ తూటా కాగితాన్ని పంటితో కొరకాలి. హిందువుకూ ముస్లిముకూ ఇద్దరికీ అది భరించరానిది. జనవరిలోనే ప్రభుత్వం కొవ్వు పూయని తూటాలు ఇచ్చి, తేనెమైనము, నూనె వంటివి సిపాయిలే పూసుకోవచ్చని ఒప్పుకుంది. కానీ అప్పటికే నమ్మకం పోయింది. మే 10న మీరట్‌లో తిరుగుబాటు లేచింది. దానికి ఇంకా అనేక కారణాలు ఉన్నాయి, నిజమే. కానీ ఒక పదార్థము దేనితో చేయబడిందో చెప్పకుండా ఇతరుల చేతికివ్వడం ఎంత అపాయమో ఆ సంఘటన చూపిస్తుంది.

మన తెలుగుదేశములో తేనెమైనము పూర్వంనుండీ ఉంది. కానీ దానిని వెలుగుకు వాడడం మనవారి అలవాటు కాదు. బందరు కలంకారీ పనివారు రంగు అంటకూడని చోట బట్టమీద మైనము పూసేవారు. ఆదిలాబాదు జిల్లాలో ఓజా కళాకారులు మైనముతో బొమ్మ చేసి, మట్టి పూసి, మైనము కరిగించి, ఆ ఖాళీలో ఇత్తడి పోస్తారు. వెలుగుకు మాత్రం మన ఇళ్లలో ఆముదము, నువ్వులనూనె, కానుగనూనె, అడవి పల్లెలలో ఇప్పనూనె. ఆ తరువాతే కిరసనాయిలు బుడ్డి.

భూమి లోతులనుండి వచ్చిన మైనము

ఈనాడు మన బజారులో దొరికే తెల్లని మైనము పారఫిన్. 1850లో స్కాట్లండువాడైన జేమ్స్ యంగ్ బొగ్గునుండి పారఫిన్ నూనె, మైనము తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1850లలోనే బర్మా నేలనూనె ఓడలలో లండనుకు వెళ్లి ప్రైస్ కంపెనీలో కొవ్వొత్తులుగా మారింది. తరువాత రంగూన్ ప్రక్కనున్న సిరియంలో బర్మా ఆయిల్ కంపెనీ వారి కర్మాగారములో మైనము, కొవ్వొత్తులు తయారయ్యాయి. కాకినాడ, కోరంగి రేవులనుండి మనవారు వేలాదిగా రంగూన్ వెళ్లి రేవులలో, బియ్యపు మిల్లులలో కష్టపడిన కాలమది. అందుకే బర్మావారు మనవారిని "కోరంగీలు" అని పిలిచారు. మన దేశములో 1901లో అస్సాంలోని దిగ్బోయ్‌లో చమురుశుద్ధి కర్మాగారము ప్రారంభమైంది. అక్కడి మైనము పేరు పొందినది.

పారఫిన్ రాకతో మొదటిసారి పేదవాని ఇంటి వెలుగు, ధనవంతుని ఇంటి వెలుగు ఇంచుమించు ఒకటయ్యాయి. చవకలో తెల్లని, వాసనలేని వెలుగు వచ్చింది. ఈ సంగతి మరచిపోయి పారఫిన్‌ను నిందించడం న్యాయము కాదు. దాని లోపాలూ ఉన్నాయి. అది నేలనూనె నుండి వచ్చేది, తిరిగి పుట్టేది కాదు. ఒంటరిగా వాడితే వేడికి మెత్తబడి వంగిపోతుంది. అందుకే మొదటినుండీ దానిలో స్టియరిక్ ఆమ్లము కలుపుతూ వచ్చారు. ఇక 1990లలో అమెరికాలోని అయోవా రాష్ట్రములో సోయాచిక్కుడు నూనెను గట్టిపరచి మైనముగా చేయడం మొదలైంది. ఈ మధ్య మనవారు వింటున్న సోయా మైనము ఇదే.

ఫెరడే మాస్టారి పాఠము

మైకేల్ ఫెరడే పేరు మీరు స్కూలు పుస్తకాలలో చదివే ఉంటారు. గొప్ప శాస్త్రజ్ఞుడు, తన చిన్న సంఘములో పెద్దగా సేవచేసిన విశ్వాసి. క్రిస్మస్ సెలవులలో పిల్లలకొరకు ఆయన కొవ్వొత్తిని గూర్చి ఉపన్యాసాలిచ్చాడు. మొదట 1848లో, మరల 1860 చివరలో. అవి 1861లో పుస్తకముగా వచ్చాయి. 1782లో మునిగిపోయిన రాయల్ జార్జ్ అనే ఓడలోనుండి తీసిన కొవ్వొత్తిని ఆయన పిల్లలకు చూపించాడు. ఎన్నో ఏళ్లు ఉప్పునీటిలో ఉన్నా అది వెలిగింది.

ఆయన చెప్పిన ముఖ్య సంగతి ఇది. కొవ్వొత్తి వెలిగినప్పుడు చుట్టూ ఉన్న గాలి వేడెక్కి పైకి పోతుంది. క్రింది నుండి వచ్చే చల్లగాలి అంచును చల్లబరుస్తుంది. కాబట్టి మధ్యలో మైనము కరిగినా అంచు నిలబడి చిన్న గిన్నెలాగా ఏర్పడుతుంది. కరిగిన మైనము ఆ గిన్నెలో నిలిచి, వత్తి గుండా పైకెక్కి, ఆవిరై మండుతుంది. ఆ గిన్నె సరిగా ఏర్పడని కొవ్వొత్తి ఎంత అందంగా ఉన్నా కారిపోతుంది. చూపుకు అందమైనది కాదు, పని సరిగా చేసేదే మనకు ఉపయోగమని ఆయన పిల్లలకు బోధించాడు. మన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

అయితే మనం ఏది ఎన్నుకోవాలి?

మొదట, మీరు చేసేది ఏ ఆకారమో నిర్ణయించుకోండి. ఆకారాన్నిబట్టి మైనము, మైనాన్నిబట్టి వత్తి.

చేతిలో పట్టుకునే సన్నని కొవ్వొత్తులకు, బల్లమీద నిలబెట్టే లావు కొవ్వొత్తులకు గట్టి మైనము కావాలి. బాగా శుద్ధి చేసిన పారఫిన్, 58 నుండి 60 డిగ్రీల వేడికి కరిగేది అడగండి. దానిలో నూటికి పది పాళ్ల వరకు స్టియరిక్ ఆమ్లము కలిపితే గట్టిపడుతుంది, తెల్లగా వస్తుంది, అచ్చునుండి తేలికగా ఊడుతుంది. మన ఎండాకాలములో, ముఖ్యముగా గుడ్ ఫ్రైడే, ఈస్టరు రోజులలో, తక్కువ వేడికే కరిగే మైనము పెట్టెలోనే వంగిపోతుంది.

గాజు గ్లాసులో, మట్టి ప్రమిదలో పోసేవాటికి మెత్తని మైనము చాలు. సోయా మైనము ఇక్కడ బాగా పనిచేస్తుంది. ఈస్టరు వేకువన సమాధులమీద గాలికి ఆరకుండా ఉండాలంటే ప్రమిదలో పోసినవే మేలు. కానీ సోయా మైనముతో నిలువు కొవ్వొత్తి పోస్తే నిలబడదు, జారిపోతుంది. అది మైనము తప్పు కాదు, చేయలేని పని దానికి అప్పగించడమే పొరపాటు.

తేనెమైనము 62 నుండి 65 డిగ్రీలకు కరుగుతుంది. గట్టిది, సువాసన గలది, చాలాసేపు మండుతుంది. స్తోమత ఉంటే వాడండి, తప్పులేదు. రోమను కేథలిక్ సంఘములో 1904లో ఇచ్చిన ఆదేశము బలిపీఠపు వత్తులలో ఎక్కువభాగము తేనెమైనమే ఉండాలని చెప్పింది. కానీ తేనెమైనము పేరుతో పసుపురంగు వేసిన పారఫిన్ కూడా అమ్ముతారు. నిజమైన తేనెమైనానికి తేనె వాసన ఉంటుంది, కొంతకాలం నిలువ ఉంటే పైన సన్నని తెల్లపొర వస్తుంది. అడవినుండి తేనె తెచ్చే గిరిజనుల దగ్గరగాని, తేనెటీగలు పెంచే రైతు దగ్గరగాని కొంటే ఇద్దరికీ మేలు.

పొగ విషయము. ఏ మైనమైనా వత్తి పొడవుగా ఉంటే, గాలి తగులుతుంటే మసి వస్తుంది. వెలిగించేముందు వత్తిని పావు అంగుళానికి కత్తిరించండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి.

స్టియరిక్ ఆమ్లము పామాయిలు నుండీ వస్తుంది, జంతువుల కొవ్వునుండీ వస్తుంది. ఏ రకమో దుకాణదారుని అడగండి. ఇతర మతాల ఇరుగుపొరుగువారికి మీ కొవ్వొత్తులు ఇచ్చేటప్పుడు, అమ్మేటప్పుడు వారు అడిగితే నిజము చెప్పగలగాలి. 1857 సంగతి గుర్తుంచుకోండి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. మైనాన్ని నేరుగా మంటమీద ఎన్నడూ పెట్టవద్దు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ, అందులో చిన్న గిన్నె పెట్టి మైనము కరిగించండి. పిల్లలను దూరంగా ఉంచండి. పొయ్యి దగ్గరనుండి కదలవద్దు. ఒకవేళ మైనము అంటుకుంటే నీళ్లు చల్లవద్దు. నీళ్లు పోస్తే మంట ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది. మూతపెట్టి, పొయ్యి ఆపివేయండి. ఆరాధనలో పిల్లల చేతికి ఇచ్చే కొవ్వొత్తికి గుండ్రని అట్టముక్క మధ్యలో చిల్లుచేసి తొడగండి. కరిగిన మైనము చేతిమీద పడకుండా ఆపుతుంది.

ముగింపు మాట

ప్రియులారా, చరిత్ర మనకు చెప్పేది ఒకటే. ప్రతి వెలుగుకూ ఎవరో ఒకరు వెల చెల్లించారు. తేనెటీగ చెల్లించింది, గొఱ్ఱె చెల్లించింది, తిమింగలము చెల్లించింది, ఆఫ్రికా బానిస చెల్లించాడు, చమురు బావిలో కూలివాడు చెల్లించాడు. మైనానికి తనంతట తానుగా పవిత్రత లేదు. ఏ పనికి ఏది తగునో తెలుసుకుని, దాని వెల ఎవరిమీద పడుతుందో ఆలోచించి, దానిని దాని అసలు పేరుతో పిలిచి వాడడమే సరైన ఎన్నిక. తేనెమైనము కొనలేని సంఘము సిగ్గుపడనక్కరలేదు. పారఫిన్‌ను తేనెమైనమని చెప్పి అమ్మేవాడు సిగ్గుపడాలి.

సామెతలు 31:18లో ఒక స్త్రీని గూర్చి రెండు సంగతులు పక్కపక్కనే చెప్పబడ్డాయి. ఆమె తన సరుకు మేలైనదో కాదో తెలుసుకుంటుంది. రాత్రివేళ ఆమె దీపము ఆరిపోదు. సరుకును పరీక్షించడం, దీపము ఆరకుండా చూడడం, రెండూ ఆమెకు ఒకే పని. ఈ సంవత్సరము మీ సమాజములో మైనము కొనేముందు ఈ వచనము ఒకసారి కలిసి చదవండి. కొన్న తరువాత ఒకే ఒక్క కొవ్వొత్తి పోసి, వెలిగించి, చివరివరకు ఎలా మండుతుందో గడియారం పెట్టుకుని చూడండి. అది బాగా మండితే మిగిలినవన్నీ పోయండి.

దేవుడు మీ చేతిపనిని ఆశీర్వదించును గాక. ఆమేన్.